అసాధ్యమను మాట: ఒంగోలు క్లౌ దొరగారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 18:18–27, 1 కొరింథీయులకు 1:26–29



అది కాని పని అనుమాట మన నోట ఎంత సులభముగా వచ్చును! త్రాగుడు మరిగిన అన్న మారనప్పుడు, బిడ్డ పరీక్ష రెండుమార్లు తప్పినప్పుడు, సంఘములో రెండు వర్గములవారు ఒకరి ముఖమొకరు చూడనప్పుడు, మనము పెదవి విరిచి అది కాని పని అందుము. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. అయినను ఆ మాట పలుకుటకు ముందు మనము దేనిని కొలిచితిమి? మన బలమునా, మన సొమ్మునా, లేక దేవుని చేతినా? ఈ ప్రశ్నను మన ముందుంచు జీవితమొకటి మన తెలుగు నేలమీదనే, గుండ్లకమ్మ ఒడ్డుననే జరిగినది. అది ఒంగోలు క్లౌ దొరగారి జీవితము.

ఒంటరి నక్షత్రము

ఆయన కథ ఆయనతో ప్రారంభము కాలేదు. అమెరికా దేశపు బాప్తిస్టు మిషనువారు తెలుగువారికి సువార్త చెప్పుటకై పంపిన శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశమునకు చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడిరి. 1849లో లైమన్ జూయెట్ దొరగారు ఆయనతో కలిసిరి. వారు వీధులలో బోధించిరి, సంతలలో బోధించిరి, జాతరలలో కరపత్రములు పంచిరి. విన్నవారు వేలమంది, వెంట నడచినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. ప్రతి సంవత్సరము సముద్రము దాటి పోవు లెక్కలలో ఖర్చు పెరుగుచుండెను గాని విశ్వాసుల సంఖ్య పెరుగకుండెను.

1853లో ఆల్బనీ పట్టణమున ఆ మిషను వార్షిక సభ కూడినప్పుడు, నెల్లూరు పనిని మూసివేయవలెనను ఆలోచన వచ్చెను. పటము చూచినవారికి బర్మా వైపున మిషను స్థలములు నక్షత్రముల గుంపువలె కనబడెను. బంగాళాఖాతమునకు ఈవలి ఒడ్డున నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రమై యుండెను. సభవారిని మనము తప్పుపట్టరాదు. వారి చేతిలోనున్నది పేద విశ్వాసులు పైసా పైసా కూర్చి యిచ్చిన కానుక. పంట పండని పొలములో విత్తనము చల్లుచు పోవుట న్యాయమా అని వారడిగిన ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ అను కవి ఆ ఒంటరి నక్షత్రము ఆరిపోరాదని ఒక గీతము వ్రాసెను. అది సభలో చదువబడగా విన్నవారి హృదయములు కరగెను. మూసివేత ఆగిపోయెను. ఆ గీతము వలననే నెల్లూరు పనికి ఒంటరి నక్షత్రపు మిషను అను పేరు నిలిచినది.

మరుసటి సంవత్సరము, అనగా 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జూయెట్ దొరగారు, దొరసానిగారు, నరసు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరనున్న ఒక కొండ నెక్కిరి. సూర్యుడు ఉదయించుచుండగా చుట్టునున్న పల్లెలను చూచి, ఈ ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని ఐదుగురును ప్రార్థించిరి. నెల్లూరు పనియే నిలుచునో నిలువదో తెలియని దినములవి. ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగిరినట్లున్నదని లోకులు నవ్వదగిన ప్రార్థన అది. ఆ ప్రార్థనకు జవాబు రెండు దినములలో రాలేదు, రెండు సంవత్సరములలోను రాలేదు. పండ్రెండు సంవత్సరములు పట్టెను.

కొలగొలుసు పట్టిన పిల్లవాడు

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రములో ఒక వ్యవసాయదారుని యింట పుట్టెను. డే దొరగారు మన దేశమున అడుగుపెట్టినది ఆ సంవత్సరమే గదా! పొలమునకు విత్తనము వేయువానిని పంపిన యేటనే దేవుడు కోతవానిని గూడ పుట్టించెనని మనము తలంపవచ్చును. అతని కుటుంబమువారు తరువాత పడమటి ప్రాంతములకు తరలిపోయిరి. ఇంకను మీసములు రాని వయస్సున ఆ పిల్లవాడు మిన్నెసోటా ప్రాంతమున భూమి కొలుచు సర్కారువారి వెంట కొలగొలుసు మోయు కూలిగా చేరెను. అడవులు, బురదనేలలు, చలి, దోమలు. పగలు గొలుసు లాగి, రాత్రి దీపము దగ్గర లెక్కలు నేర్చి, కొలది యేండ్లలోనే తానే భూమి కొలుచు అధికారియయ్యెను.

భూమి కొలుచువాడు ఒక సంగతి నేర్చుకొనును. దారికడ్డముగా చెరువు వచ్చినను గుట్ట వచ్చినను, ఇక కొలత కాదని అతడు ఇంటికి పోడు. ప్రక్కకు జరిగి వేరొక చోటనుండి గురి చూచి, లెక్క కట్టి, ఆవలి ఒడ్డున తన గీతను మరల అందుకొనును. ఈ పాఠము క్లౌ గారికి తరువాతి జీవితమున ఎంతో పనికివచ్చెను.

ఆయన న్యాయవాది కావలెనని బర్లింగ్టన్ పట్టణమున చదువుటకు చేరెను. దైవభక్తి యనిన అప్పుడాయనకు పెద్దగా పట్టింపు లేదు. అక్కడనే ఆయన మనస్సు మారి, 1858లో బాప్తిస్మము పొందెను. కొంతకాలము బడిపంతులుగాను, ఇంటింటికి తిరిగి సువార్త పుస్తకములను అందించువానిగాను పనిచేసెను. హారియెట్ గారిని వివాహమాడెను.

ఆ దినములలో, 1862లో, మిషనువారు నెల్లూరును మూసివేయు మాట మరల ఎత్తిరి. జబ్బుచేసి స్వదేశమునకు వచ్చియున్న జూయెట్ దొరగారు ఒప్పుకొనలేదు. మీరు పంపినను పంపకపోయినను నేను పోయి తెలుగువారి మధ్యనే బ్రతికి, అక్కడనే చనిపోదునని ఆయన పట్టుబట్టిరి. అట్లయిన ఆయనను సమాధి చేయుటకైనను ఒక మనిషిని తోడు పంపవలెనని కార్యదర్శిగారు అన్నట్లు చెప్పుదురు. సమాధి చేయుటకని తోడిచ్చి పంపిన ఆ మనిషియే క్లౌ! 1864 నవంబరు 30న బోస్టన్ రేవునుండి బయలుదేరిన ఓడలో వారందరు 1865లో మద్రాసు చేరిరి. క్లౌ దొరగారు నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలునకు కాపురము మార్చిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. కొండమీది ప్రార్థన జరిగిన దినమునకు సరిగా పదమూడు సంవత్సరములు.

మూసిన తలుపు, తెరచిన తలుపు

క్లౌ దొరగారికి ఒక పథకముండెను. ఒంగోలు పట్టణములోని బ్రాహ్మణులు, కోమట్లు మొదలగు పై కులములవారి పిల్లలకు బడి పెట్టి, వారి మనస్సులను మొదట గెలువవలెను. పెద్దలు వచ్చిన పిమ్మట పల్లెలవారు తమంతట తామే వత్తురు. ఆ కాలమున చాలమంది తలంపు ఇదే. పెద్దలును ఆయనతో స్నేహముగానే యుండిరి. బడి చక్కగా సాగుచుండెను.

అయితే దేవుడు వేరొక దారిని ఒక మనిషిని సిద్ధపరచుచుండెను. ఒంగోలునకు పడమరగా సుమారు నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను పల్లెలో యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సోదరుడుండెను. తోళ్ల వ్యాపారమతని జీవనము. దేవుని వెదకుచు గురువులను ఆశ్రయించి, యోగమును అభ్యసించిన సాధకుడతడు. క్రీస్తునుగూర్చి విని, భార్యతోకూడ వచ్చి 1866లో బాప్తిస్మము పొందెను. తిరిగి పోయి తనవారికి ఎడతెగక చెప్పెను. 1867 జనవరిలో అతని కోరికపై క్లౌ దొరగారు ఆ పల్లెకు పోయిరి. అక్కడ చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన స్త్రీ పురుషులు ఆయనకొరకు కనిపెట్టుకొనియుండిరి. కొన్ని దినములకు సరిపడు బత్తెమును, బాప్తిస్మమునకు ఉతికిన బట్టలను మూటగట్టుకొని మరీ వచ్చిరి! ఆ దినములలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

వార్త ఒంగోలునకు చేరెను. పెద్దలు వచ్చి దొరగారితో తమ మాట స్పష్టముగా చెప్పిరి. వారిని చేర్చుకొనిన మేము రాము. మా పిల్లలును బడికి రారు. దొరగారు తమ గదిలో చింతాక్రాంతులై కూర్చుండిరి. బైబిలు చేతికి తీసికొనగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయము కంటబడెను. లోకములో నీచులని తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పు చోటది. దొరసానిగారి యొద్దకు పోగా, ఆమెయు వేరొక గదిలో అదే భాగమును చదువుకొనియుండెను! ఇద్దరికిని ఇక సందేహము లేకపోయెను. పల్లెవారిని చేర్చుకొనిరి. పట్టణపు పిల్లలు వెళ్లిపోయిరి. బడి మూతబడెను.

ప్రియులారా, ఈ ఘట్టమును మనము తొందరపడి దాటిపోరాదు. దొరగారు మొదట కోరిన కార్యము, అనగా పై కులములవారి ద్వారా ఆ ప్రాంతమంతటిని గెలుచుట, సాధ్యము కాలేదు. ఆ తలుపు నిజముగానే మూయబడెను. ఆయన ఆ తలుపు దగ్గరనే నిలిచి కొట్టుచు ముసలివారై యుండవచ్చును. లేదా ఇది కాని పనియని ఓడ ఎక్కి పోయియుండవచ్చును. ఆయన చేసినది మరియొకటి. కొలగొలుసు పట్టినవానివలె ప్రక్కకు జరిగి, దేవుడు వేరొక చోట తెరచిన తలుపును చూచిరి.

ఆ తలుపులోనుండి వచ్చినవారికి అది నల్లేరుమీద బండి నడక కాదు. ఆదివారమున పని చేయము, చచ్చిన గొడ్డు మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము అని వారు నిలిచినప్పుడు ఊరి పెద్దలకు కోపము వచ్చెను. జాతరకు డప్పు కొట్టనివానికి ఊరిలో పని లేదు, కళ్లము దగ్గర గింజ లేదు. దెబ్బలు తిన్నవారు, పస్తులున్నవారు ఎందరో. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. దొరగారి పేరు మనకు తెలిసినది. ఆ కష్టము మాత్రము వారిది. పేరయ్య మొదలగు తెలుగు బోధకులు కాలినడకను ఊరూర తిరుగుచుండగా, పదేండ్లలో ఎనిమిదిమంది సంఘము మూడు వేలకు పైబడెను.

కరవు, కాలువ

1876లో వానలు తప్పెను. 1878 వరకు సాగిన ఆ మహాకరవులో దక్షిణ, పశ్చిమ భారతమునందు ఏబది లక్షలకు మించి చనిపోయిరని అంచనా. పశువులు ముందు, పిల్లలు వెనుక, తరువాత పెద్దలు రాలిపోయిరి. వెలివాడలవారికి ఎక్కడను ముందు వరుస దొరకదు గదా! ఆకలికి తోడు కలరా వచ్చెను.

సర్కారువారు కరవుపనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనిరి. మిన్నెసోటా అడవులలో నేర్చిన విద్య ఇప్పుడు అక్కరకు వచ్చెను. రాజుపాలెము దగ్గర పాకలు వేయించి, బావులు త్రవ్వించి, సుమారు మూడు వేలమందికి పని కల్పించిరి. బోధకులే మేస్త్రీలై కూలివారి జట్లను నడిపిరి. పగలు పలుగు పార. విశ్రాంతి వేళ క్రీస్తు కథ. బిచ్చము కాదు, కష్టము చేసి సంపాదించిన కూలి. అందుచేత మనిషి తల ఎత్తుకొని నిలువగలిగెను.

ఈ కాలమున దొరగారు ఒక కఠినమైన నియమము పెట్టుకొనిరి. వేలమంది బాప్తిస్మమీయుడని బ్రతిమాలుచుండగా సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని ఈయలేదు. గంజికొరకు వచ్చినవాడెవడో, క్రీస్తుకొరకు వచ్చినవాడెవడో తేలవలెనని ఆయన ఉద్దేశ్యము. లెక్కలు పెంచుకొనుటకు అంతకంటె మంచి సమయము మరల రాదు. ఆయన దానిని విడిచిపెట్టిరి.

గుండ్లకమ్మ ఒడ్డున

1878లో కరవు సడలెను. సహాయపు సొమ్ము అయిపోయెను. ఇక ఇచ్చుటకేమియు లేదని జనులకు చెప్పి పంపుటకు దొరగారు ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ దగ్గరనున్న వెల్లంపల్లిలో వారిని కూర్చిరి. జనులు వినిరి గాని కదలలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావలెననిరి. అప్పుడు దొరగారు బోధకులతో ఒక్కొక్క పల్లెవారిని విచారించి, సాక్ష్యము తెలిసినవారిని మాత్రమే ఏర్పరచిరి.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, వెరసి మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు తాము ఒక్కరికైనను ఈయలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచిరి. పెంతెకొస్తు దినమున ఇంచుమించు మూడు వేలమంది చేర్చబడిరని అపొస్తలుల కార్యములలో చదివి, ఒక్క దినములో అంతమందికి బాప్తిస్మమిచ్చుట ఎట్లు సాధ్యమని అనుమానించినవారు కలరు. లెక్క చూడుడి. ప్రొద్దున, సాయంకాలము కలిపి సుమారు తొమ్మిది గంటల కాలము, 2,222 మంది, ఎప్పుడును నీటిలో ఇద్దరు బోధకులే. ఒక్కొక్క బోధకుడు నిమిషమునకు ఇద్దరి చొప్పున, తొందర లేక, క్రమము తప్పక చేయగలిగెను. అసాధ్యమనిపించిన కార్యము కొన్నిమార్లు ఓర్పుతో భాగించి చూచిన సాధ్యముగా తేలును.

ఆ సంవత్సరాంతమునకు తొమ్మిది వేలకు పైగా క్రొత్తవారు చేరిరి. రెండుమార్లు ఆర్పివేయదలచిన ఒంటరి నక్షత్రము క్రింద, లోకములోని బాప్తిస్టు సంఘములన్నిటిలో పెద్దదని చెప్పుకొన్న సంఘము నిలిచెను. పల్లెలలో బడులు వెలసెను. రామపట్నములో 1872లో ప్రారంభమైన వేదాంత పాఠశాలలో బోధకులు తయారైరి. అక్షరము ముట్టరాదన్నవారి బిడ్డలు ఉపాధ్యాయులైరి. క్లౌ దొరగారు 1910 నవంబరులో న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరులో కన్నుమూసిరి. ఆయన పేరిట ఒంగోలులో వైద్యశాల వెలసెను. ఐదుగురు ప్రార్థించిన కొండకు ప్రార్థన కొండయను పేరు నిలిచెను.

దేనిని అసాధ్యమనవచ్చును?

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. విశ్వాసముంటే చాలు, కోరినదెల్ల జరుగునని ఈ జీవితము చెప్పుచున్నదా? లేదు. దొరగారి మొదటి పథకము నెరవేరలేదు. కరవులో ఆయన కాపాడగలిగినవారికంటె ఆయన కన్నులయెదుట పోయినవారే అనేకులు. ఆయన సంఘములో కులమను గోడ పూర్తిగా కూలలేదు. మన సంఘములలో ఈనాటికిని అది కూలినదని గుండెమీద చెయ్యి వేసికొని చెప్పగలమా?

లూకా 18వ అధ్యాయములో మన ప్రభువు ఈ మాట ఏ సందర్భమున చెప్పెనో గమనింపుడి. ధనవంతుడైన అధికారి దుఃఖముతో నిలిచియుండగా, ఇక ఎవరు రక్షణ పొందగలరని విన్నవారు అడిగిరి. దానికి జవాబుగా, మనుష్యులకు కానిది దేవునికి కాగలదని ఆయన చెప్పెను. మన కోరికల పట్టికనుగూర్చి చెప్పిన మాట కాదది. మనిషి రక్షింపబడుటనుగూర్చి చెప్పినది. ఆ ప్రభువే గెత్సేమనేలో తండ్రికి సమస్తము సాధ్యమని ఒప్పుకొని, గిన్నె తొలగింపుమని వేడెను. గిన్నె తొలగలేదు. తండ్రికి శక్తి లేక కాదు. ఆ గిన్నె ద్వారానే మనకు ద్వారము తెరువవలెను గనుక.

కాబట్టి అసాధ్యమను మాటను మనము రెండు విధములుగా వాడుచున్నామని తెలిసికొనవలెను. ఒకటి, నేను ఎంచుకొన్న తలుపు మూయబడినదని చెప్పుట. అది నిజము కావచ్చును. దానిని ఒప్పుకొనుట అవిశ్వాసము కాదు. రెండవది, ఈ మనిషి మారడు, ఈ ఇల్లు బాగుపడదు, ఈ జనము పైకి రారు అని మనుష్యులమీద తీర్పు చెప్పుట. ఈ రెండవదానిని పలుకుటకు మనకు అధికారము లేదు. ఆల్బనీలో లెక్క చూచినవారి లెక్కలో తప్పు లేదు. అయితే నలువది మైళ్ల ఆవల ఒక పేరయ్య దేవుని వెదకునని ఆ లెక్కలో ఏ గడిలో వ్రాయగలరు?

ప్రియ చదువరీ, నీవు కాని పనియని విడిచిపెట్టిన మనిషి ఎవరు? వెలుపలనుండి వచ్చిన యెవరినో చేర్చుకొన్న పెద్దవారు వెళ్లిపోదురను భయముతో నీ సంఘము ఎవరికి తలుపు మూసియున్నది? ఈ నెల ఒక దినము తెల్లవారుజామున లేచి, ఆ ఒక్క పేరు పట్టుకొని ప్రార్థించుము. జవాబునకు పండ్రెండు సంవత్సరములు పట్టవచ్చును. అది నీవు కోరిన తలుపుననే రాకపోవచ్చును. వేరొక తలుపు తెరువబడిన దినమున, అక్కడ ఉతికిన బట్టలు మూటగట్టుకొని నిలిచియున్నవారిని గుర్తుపట్టు కన్నులు మనకు దేవుడు దయచేయును గాక. ఆమేన్.